గరాజ్ సీలింగ్‌లో గడ్డకట్టే పైపు: ఫోమ్ తొడుగు వేసినా ఎందుకు ఆగలేదు

సెంట్రల్ న్యూజెర్సీలో మనవాళ్లు ఉండే ఇళ్లు చాలావరకు ఒకే అచ్చు. తొంభైల చివర్లోనో రెండువేల మొదట్లోనో కట్టిన రెండంతస్తుల ఇల్లు, ముందు రెండు కార్ల గరాజ్, దాని మీద ఒక బెడ్రూమ్, దానికో బాత్రూమ్. నేను చేసేది హోమ్ ఎనర్జీ ఆడిట్లు, అంటే ఇంట్లో గాలి ఎక్కడ లీకవుతోంది, ఇన్సులేషన్ ఎక్కడ లేదు అని వెతికి సరిచేయించడం. చలికాలం మొదలైందంటే నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఆ గరాజ్ మీద గది వేడెక్కట్లేదని, ఆ తర్వాత అదే గది బాత్రూమ్‌లో నీళ్లు ఆగిపోయాయని. రెండిటికీ కారణం ఒకటే. ఒక ఇంటి కేసు మొత్తం రాస్తాను, ఎందుకంటే సాధారణంగా వేర్వేరు ఇళ్లలో చూసేవన్నీ ఆ ఒక్క ఇంట్లోనే దొరికాయి. డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే చెప్తాను.

ఈ ఇంటాయనది హన్మకొండ, ఆవిడది గుంటూరు. గరాజ్ మీద గదిని వాళ్లు అమ్మావాళ్ల గది అంటారు. మన ఇళ్లలో తెలిసిందే కదా, పెద్దవాళ్లు ఉగాది దాటాక వస్తారు, ఇక్కడి చలి పడదని దసరాకో దీపావళికో వెళ్లిపోతారు, ఇక ఆ గది చలికాలమంతా ఖాళీ. ఫోన్లో నేను ఆ గదిలో హీటింగ్ సంగతి అడిగితే ఆయన "వాళ్లు పోయినంక ఆ రూమ్‌ల ఎవరుంటరన్నా, ఉత్తగ గ్యాస్ కాల్చుడెందుకని రిజిస్టర్ మూసేసి తలుపు పెట్టేస్తం" అన్నాడు. రిజిస్టర్ అంటే గదిలోకి వేడిగాలి వచ్చే జాలీ. గ్యాస్ బిల్లు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, కానీ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వేడి కావాల్సిన గది అదే, కింద గరాజ్, ముందు గోడ బయటికి, పక్క గోడ బయటికి, పైన అటక. దానికే వేడి ఆపేశారు.

మొదటిసారి పైపు పగిలింది 2023 ఫిబ్రవరిలో. ఆ చలి చాలామందికి గుర్తుండే ఉంటుంది, జనవరి అంతా మెత్తగా గడిచిపోయి 3వ తేదీ శుక్రవారం నుంచి ఒక్కసారిగా గాలితో కలిసి దిగింది, మర్నాడు పొద్దున న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో 3 డిగ్రీలు, బోస్టన్‌లో మైనస్ 10. వీళ్లింట్లో శనివారం ఆ బాత్రూమ్ సింక్‌లో నీళ్లు రాలేదు, మిగతా కుళాయిలన్నీ బానే వస్తున్నాయి కదా తర్వాత చూద్దాం అని వదిలేశారు. ఆదివారం చలి విరిగింది, మధ్యాహ్నానికి గరాజ్ సీలింగ్ ఉబ్బి ఒక ముక్క ఊడి కారు బానెట్ మీద పడింది, దాని వెనకాలే నీళ్లు. ఇక్కడ ఒక సంగతి వాళ్లు మామూలుగా చెప్పారు గానీ నాకు అది చాలా పనికొచ్చింది. అంతకుముందు 2022 క్రిస్మస్‌కి కూడా గట్టి చలే వచ్చింది, అప్పుడు ఏమీ కాలేదు. ఎందుకంటే ఆ వారం చుట్టాలొచ్చి ఆ గదిలో ఉన్నారు. రిజిస్టర్ తెరిచి ఉంది, కుళాయి వాడుతున్నారు, పైపులో నీళ్లు కదులుతున్నాయి.

పైపు ఎలా పగులుతుందో తెలియకపోతే రిపేర్ ఎప్పుడూ తప్పుచోటే జరుగుతుంది కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతాయి, ఆ ఐస్ పైపు గోడని తోసి చీలుస్తుంది అని అందరూ అనుకుంటారు. ఇల్లినాయ్ యూనివర్సిటీ బిల్డింగ్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్లు తొంభైల్లో దీని మీద ప్రయోగాలు చేశారు, అందులో తేలింది వేరే. పైపులో ఒకచోట ఐస్ బిరడాలా అడ్డంపడుతుంది, ఆ బిరడా పెరిగేకొద్దీ దానికీ మూసి ఉన్న కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ల మీద ప్రెషర్ పెరిగిపోతుంది, ఆ నీళ్లకి పోయే దారి లేక పైపు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది, అది ఐస్ ఉన్నచోట కాకపోవచ్చు. ఈ ఇంట్లో గడ్డకట్టింది గరాజ్ ముందు గోడ దగ్గర, చీలింది అక్కడికి నాలుగడుగుల అవతల, ఎల్బో అనే మలుపు ముక్క పక్కన కాపర్ మీద. ఆ ముక్క వాళ్లు దాచిపెట్టారు, చూశాను, చేప నోరు తెరిచినట్టు పొడుగ్గా చీలి అంచులు బయటికి తిరిగి ఉన్నాయి. కుళాయిని సన్నటి ధారగా వదలమనేది కూడా ఇందుకే, నీళ్లు కదిలితే కొంత వేడి వస్తుంది నిజమే కానీ అసలు లాభం ఆ ప్రెషర్‌కి దారి దొరకడం. ఇక శనివారం పగిలింది ఆదివారం దాకా కారకపోవడం ఎందుకంటే ఐసే అడ్డుగా ఉంది, కరిగాకే నీళ్లు దూకాయి.

రిపేర్‌కి వచ్చిన ప్లంబర్ చీలిన ముక్క కోసేసి కొత్త కాపర్ అతికి, బయటికి కనపడినంత మేర నల్ల ఫోమ్ తొడుగు వేసి సీలింగ్ మూయించేశాడు. 2024 జనవరిలో మళ్లీ గడ్డకట్టింది, ఈసారి కుళాయి తెరిచి ఉంచారు కాబట్టి పగల్లేదు. ఇంకో ప్లంబర్‌ని పిలిస్తే ఆ పొడుగంతా కాపర్ తీసేసి పెక్స్ అనే ప్లాస్టిక్ పైపు వేసి ఇంకా మందం తొడుగు వేశాడు. 2025 జనవరిలో మళ్లీ అదే కథ, అప్పుడు నన్ను పిలిచారు. పెక్స్ కొంచెం సాగుతుంది కాబట్టి పగలడం తక్కువ, కానీ గడ్డకట్టడంలో కాపర్‌కీ దానికీ పెద్ద తేడా లేదు, పైగా దాని ఫిట్టింగులు సాగవు. ప్లంబర్లిద్దరూ పైపు పని శుభ్రంగానే చేశారు, జాయింట్లు చూస్తే తెలుస్తుంది, కానీ జబ్బు పైపుది కాదు, పైపు ఉన్న చోటుది.

ఫోమ్ తొడుగు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే హోమ్ డిపో షాపులో చవగ్గా దొరుకుతుంది, అది వేస్తే పని అయిపోయిందని అందరి నమ్మకం. అది వేడిని పుట్టించదు, ఉన్న వేడి పోవడాన్ని కొంత నెమ్మది చేస్తుంది, అంతే. పైపులో నీళ్లు కదలకుండా రాత్రంతా నిలబడితే తొడుగు లోపల ఉన్నా బయటి చలి దాకా దిగిపోతాయి, కాకపోతే కొన్ని గంటలు ఆలస్యంగా. ఒక రాత్రి చలికి ఆ ఆలస్యం సరిపోవచ్చు, రెండు రోజులు వరసగా ఇరవై కిందే ఉంటే సరిపోదు. ఆ ఇల్లినాయ్ వాళ్లు చెప్పిన అంకె కూడా ఇరవయ్యే, ఇన్సులేషన్ లేని పైపు వేడి లేని అటకలో ఉంటే బయట 20 డిగ్రీలకి పడినప్పుడు ప్రమాదం మొదలవుతుందని. నీళ్లు గడ్డకట్టే 32 కి కాదు, ఎందుకంటే అటకలోకి ఇంటి వేడి కొంత చేరుతుంది, పైగా నీళ్లు గడ్డకట్టే పాయింట్ దాటి కూడా కాసేపు నీళ్లుగానే ఉండగలవు. కానీ వేగంగా గాలి తగులుతుంటే ఈ లెక్క మారిపోతుంది, అదే ఇక్కడ జరిగింది.

నేను వెళ్లిన పొద్దున బయట పద్నాలుగు. ముందు ఆ బాత్రూమ్‌లోకి వెళ్లి సింక్ కింద తలుపులు తీశాను, తీయగానే పెట్రోలు, పెయింటు వాసన, లాన్ మోవర్ ఉండే గరాజ్ వాసన అది. దాంతోపాటు కలరా ఉండల వాసన, మూలలో ఒక గిన్నెలో నాలుగు కలరా ఉండలు ఉన్నాయి. "ఎప్పట్నుంచో ఏదో వాసన వస్తోందండి, అత్తయ్యగారికి పడట్లేదని నేనే పెట్టాను" అంది ఆవిడ. ఆ వాసన వచ్చిందంటే గరాజ్ గాలి నేరుగా ఇంట్లోకి వస్తోందని అర్థం, చలి ఒక్కటే కాదు కారు స్టార్ట్ చేసినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కూడా అదే దారిన వస్తుంది. ఆ గదిలో పడుకునేది అరవై దాటినవాళ్లు. నాకు నిజంగా అక్కడ పైపు కంటే ఇదే ఎక్కువ భయమేసింది, ఆ మాట అప్పుడే చెప్పి మేడమీద డిటెక్టర్ ఉందా అని చూశాను, ఒకటి ఉంది కానీ బ్యాటరీ అయిపోయింది, ముందు అది మార్పించాను.

తర్వాత ముఖద్వారానికి బ్లోవర్ డోర్, అంటే లీకులు పట్టడానికి వాడే పెద్ద ఫ్యాను, బిగించి ఇంట్లో గాలిని బయటికి లాగుతూ పొగ పెన్సిల్‌తో సింక్ కింద చూస్తే పైపులు నేలలోంచి పైకొచ్చే కన్నం దగ్గర పొగ ఎగిరి మొహం మీదకి కొట్టింది. పైపు లావు అర అంగుళం, కన్నం దానికి రెండింతల పైనే. గరాజ్‌లోంచి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో సీలింగ్ చూస్తే ముందు గోడ నుంచి లోపలికి ఒక జాయిస్ట్ సందు, అంటే నేలని మోసే రెండు చెక్క దూలాల మధ్య ఖాళీ, పొడుగునా నల్లగా చల్లటి చార, సరిగ్గా పైపు వెళ్లే సందు. సీలింగ్‌కి వేసిన పాత రిపేర్ అతుకు తీసి అక్కడ పైపుకి ఒక సెన్సర్ కట్టి పెట్టాను, ఆ రాత్రి ఇంట్లో 66 పెట్టినా పైపు మీద 29 చూపించింది, కుళాయి వదిలి ఉంచబట్టి నీళ్లు ఆగలేదు.

సీలింగ్ ఒక పట్టీ మేర కోయించాక అంతా కళ్ల ముందు కనపడింది. జాయిస్టుల మధ్య గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్ బ్యాట్, అంటే పరుపులాంటి ఇన్సులేషన్, పైన చెక్క నేలకి, అంటే సబ్‌ఫ్లోర్‌కి అతుక్కుని ఉంది. పైపు దాని కింద. పైపుకీ గరాజ్ సీలింగ్‌కి కొట్టిన డ్రైవాల్ అనే జిప్సం పలకకీ మధ్య ఖాళీ. అంటే గది నుంచి దిగే వేడిని ఇన్సులేషన్ పైనే ఆపేస్తోంది, పైపేమో గరాజ్ వైపు వదిలేసి ఉంది, దానికి ఎంత మందం తొడుగు వేసినా ఏం లాభం, వేడి అందే దారే లేదు. ఇంక ఆ సందు చివర, ముందు గోడ దగ్గర రిమ్ జాయిస్ట్ అనే అడ్డ చెక్క ఉంటుంది, దానవతల సైడింగ్ అనే బయటి పలకలు, అవతల బయటే. గరాజ్ తలుపు పైన లైటుకి వైరు లాగడానికి ఆ చెక్కకి అంగుళం కన్నం పెట్టి అలాగే వదిలేశారు, చెక్క కింద అంచు దగ్గర పగటి వెలుతురు కనిపిస్తోంది. అక్కడ ఉన్న బ్యాట్ ముక్క చేతిలోకి తీసుకుంటే గులాబీ రంగు పోయి బొగ్గులా నల్లబడి ఉంది. అది బూజు కాదు, ఇరవై ఏళ్లు ఆ కన్నంలోంచి వచ్చిన గాలి దుమ్మంతా ఆ ఫైబర్‌లో వడగట్టుకుపోయింది. ఎక్కడ బ్యాట్ నల్లబడిందో అక్కడ గాలి లీకుంది, ఇది మెషీన్ లేకుండా ఎవరైనా తమ బేస్‌మెంట్లో చూసుకోవచ్చు. ఆ గాలి నేరుగా పైపు మీదుగా పారి సింక్ కింద కన్నంలోంచి పైకెళ్తోంది.

బిల్డర్ కావాలని ఇలా చేశాడని నేననను. నేల కింద ఇన్సులేషన్ సబ్‌ఫ్లోర్‌ని తాకుతూ ఉండాలనేది మామూలు రూలు, మధ్యలో ఖాళీ ఉంటే చలిగాలి దూరి నేల చల్లబడుతుందని. బ్యాట్ వేసినవాడు ఆ రూలు పాటించాడు, పైపు వేసినవాడు తన పని చేసి ముందే వెళ్లిపోయాడు, ఇద్దరి పనీ కలిపి చూసినవాడు లేడు. కానీ ప్లంబింగ్ కోడ్‌లో ఇంకో రూలు ఉంది, గడ్డకట్టే చోట పైపు వేస్తే ఇన్సులేషన్‌తోనో వేడితోనో రెండిటితోనో కాపాడాలని. ఇప్పటి ఎనర్జీ కోడ్ ఈ చిక్కుకి దారి కూడా ఇచ్చింది, ఇన్సులేషన్‌ని కింద డ్రైవాల్‌కి ఆనించి వేయొచ్చు, పైన ఖాళీ ఉండొచ్చు, కాకపోతే చుట్టూ అంచుల్లో, అంటే రిమ్ జాయిస్టుల దగ్గర గోడకి ఉన్నంత ఇన్సులేషన్ ఉండాలి, గాలి దూరకూడదు. అప్పుడు పైపు ఆ ఖాళీలో గది వేడిలో ఉంటుంది. మన కేసుకి మందు ఇదే.

దీనికి ముందు వేరే దారులూ మాట్లాడుకున్నాం. పైపుని పూర్తిగా లోపలి గోడల్లోంచి తిప్పడం అన్నిటికంటే మంచిది, లైసెన్స్ ఉన్న ప్లంబర్, టౌన్‌షిప్ పర్మిట్, కిచెన్ గోడ పగలగొట్టడం, అన్నీ కలిపి వాళ్లకొచ్చిన కొటేషన్ చూసి వద్దనుకున్నారు. రెండోది హీట్ కేబుల్, పైపుకి చుట్టే కరెంటు తీగ. బేస్‌మెంట్లోనో ఇంటి కింద పాక్కుంటూ దూరే క్రాల్ స్పేస్‌లోనో కంటికి కనపడే పైపుకైతే నేనూ చెప్తాను, థర్మోస్టాట్ ఉన్నది, ప్లాస్టిక్ పైపుకి పనికొస్తుందని రాసి ఉన్నది చూసుకుని, కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే జీఎఫ్‌సీఐ ఉన్న ప్లగ్గుకి నేరుగా పెట్టి, ఎక్స్‌టెన్షన్ కార్డ్ అస్సలు వాడకుండా. కానీ ప్లగ్గుకి పెట్టే రకం తీగల్ని గోడలో, సీలింగ్‌లో మూసేయొద్దని వాటి మీదే రాసి ఉంటుంది, ఎందుకంటే పాడైతే కనపడదు, నిప్పు పుట్టొచ్చు. పైగా కరెంటు పోయిన రాత్రే అది పనిచేయదు, అసలు అవసరం అప్పుడే. మూడోది ఆయన ఫ్రెండ్ ఎవరో చెప్పారట, చలి రాత్రుల్లో గరాజ్‌లో ప్రొపేన్ హీటర్ పెట్టుకోమని. దీనికి మాత్రం నేను చర్చ పెట్టలేదు, వద్దంటే వద్దన్నాను. చలిగాలి పైకి వచ్చే కన్నాల్లోంచే ఆ పొగ కూడా పడకగదిలోకి వస్తుంది, పైపు పోతే డబ్బుతో పోతుంది.

పని ఇలా జరిగింది. ముందు రిమ్ జాయిస్ట్, వైరు కన్నం మూసి, చెక్కకి సరిపడా రెండంగుళాల గట్టి ఫోమ్ బోర్డు కోసి ఇరికించి నాలుగు అంచులా స్ప్రే ఫోమ్ కొట్టాం, పైపు వెళ్లే సందొక్కటే కాదు, ముందు గోడ వెంబడి గరాజ్ వెడల్పంతా, ఎందుకంటే గాలి ఒక సందు మూస్తే పక్క సందులోంచి వస్తుంది. సింక్ కింద పైపు కన్నాలు మూశాం. పాత బ్యాట్ తీసేసి, పైపుని సబ్‌ఫ్లోర్‌కి దగ్గరగా పైకి జరిపి క్లిప్పులు కొట్టించి, పైపుకీ నేలకీ మధ్య ఏమీ లేకుండా చూసి, పైపు కింద కొత్త బ్యాట్ వేసి, దాన్ని డ్రైవాల్‌కి ఆనించాం. పాత ఫోమ్ తొడుగుని పైపు మీద పైభాగం తీసేయమన్నాను, ఆయనకి ఇది అసలు మింగుడుపడలేదు, "అన్నా, పైసలు పెట్టి ఏసింది తీసేస్తున్నవేంది" అన్నాడు. గది వేడి పైనుంచి పైపుకి తగలాలి కదా, ఆ వైపు తొడుగుంటే వేడికే అడ్డం. సీలింగ్ మళ్లీ మూసేటప్పుడు 5/8 అంగుళం టైప్ ఎక్స్ డ్రైవాలే వేయించాను, గరాజ్ మీద గది ఉంటే మంట ఆగడానికి అదే ఉండాలి, అంతకుముందు రిపేర్ చేసినవాళ్లు అక్కడ మామూలు అర అంగుళం ముక్క పెట్టి టేప్ కూడా వేయలేదు. గరాజ్ తలుపు కింద రబ్బరు అరిగిపోయి చెయ్యి దూరేంత సందు ఉంటే అది మార్పించాను, అది చవకైన పని, చాలామంది పట్టించుకోరు.

సెన్సర్ పైపుకి అలాగే వదిలేశాను. ఆ ఫిబ్రవరిలోనే బయట 11 కి పడిన రాత్రి, ఇంట్లో అదే 66, గదిలో రిజిస్టర్ తెరిచి ఉంచితే పైపు మీద అన్నిటికంటే తక్కువ చూపించింది 51. కుళాయి వదల్లేదు, సింక్ తలుపులు తెరవలేదు. ఇంకో రాత్రి రిజిస్టర్ మూసి, తలుపు పెట్టించి చూశాను, బయట ఇంచుమించు అంతే చలి, పైపు 43 దాకా దిగింది. గడ్డకట్టదు, కానీ ఎనిమిది డిగ్రీలు పోయాయి, గాలి బాగా వీచే రాత్రి అయితే ఇంకా పోతాయి. అందుకే ఆ రిజిస్టర్ సగమైనా తెరిచే ఉంచమని చెప్పాను. ఆ గది నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడగలుగుతున్నారు ఇప్పుడు, అది వాళ్లు అడగని లాభం.

డాలస్ వైపు ఉన్నవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు నన్ను. అక్కడ సంగతి కొంచెం వేరు, బేస్‌మెంట్లు ఉండవు, పైపులు చాలా ఇళ్లలో అటకలోంచే వెళ్తాయి. 2021 ఫిబ్రవరి 16న డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ ఫోర్ట్‌వర్త్) ఎయిర్‌పోర్టులో మైనస్ 2 కి పడినప్పుడు కరెంటు కూడా పోయింది కాబట్టి లోపలి వేడినే నమ్ముకున్న పైపులూ పోయాయి. అటకలో సూత్రం మాత్రం అదే, పైపు సీలింగ్ మీద పడుకుని ఉండాలి, ఇన్సులేషన్ దాని పైన దుప్పటిలా కప్పి ఉండాలి, పైపు కింద ఇన్సులేషన్ దూర్చకూడదు. అలాంటి రాత్రి కరెంటు పోతే మెయిన్ వాల్వ్ కట్టేసి అన్ని కుళాయిలూ తెరిచి పైపులు ఖాళీ చేయడమే. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, తిరుగుతుందో లేదో ఇంట్లో అందరికీ ముందే తెలిసుండాలి, ఈ ఇంటాయనకి 2023లో అది వెతకడానికే పావుగంట పట్టిందట, ఆ పావుగంట నీళ్లే గరాజ్‌ని ముంచాయి.

గడ్డకట్టిన పైపుని కరిగించేటప్పుడు ముందు కుళాయి తెరవండి, హెయిర్ డ్రయ్యర్‌తో కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి, కరిగిన నీళ్లకి, ఆవిరికి బయటికి దారి ఉంటుంది. మంటతో వద్దు. ఒకరు మెయిన్ వాల్వ్ దగ్గర నిలబడండి, ఎక్కడైనా చీలి ఉంటే కరిగిన నిమిషంలోనే తెలుస్తుంది.

ఇక డిసెంబర్‌లో ఇండియా వెళ్లేవాళ్లు. థర్మోస్టాట్ పూర్తిగా కట్టేసి వెళ్లకండి, రెడ్ క్రాస్ వాళ్లు చెప్పేది 55 కి తగ్గకూడదని, గరాజ్ మీద గదులున్న ఇళ్లకి నేను 60 అంటాను, ఎందుకంటే థర్మోస్టాట్ ఉండేది హాల్లో, ఆ గది ఎప్పుడూ దానికంటే చల్లగానే ఉంటుంది. మెయిన్ వాల్వ్ కట్టేసి కుళాయిలు తెరిచి వెళ్లండి. చాలా హోమ్ ఇన్సూరెన్స్ పాలసీల్లో ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు వేడి ఉంచాలి, లేదా నీళ్లు కట్టేసి పైపులు ఖాళీ చేయాలి, రెండూ చేయకపోతే గడ్డకట్టిన నష్టానికి క్లెయిమ్ ఇవ్వం అని ఉంటుంది, మీ పాలసీలో ఆ పేరా తీసి చదవండి. బయట కుళాయికి తగిలించిన హోస్ అక్టోబర్లోనే ఊడదీయండి, గడ్డకట్టకుండా చేసిన ఫ్రాస్ట్ ఫ్రీ కుళాయి అయినా సరే, హోస్ తగిలించి ఉంటే లోపల గొట్టంలో నీళ్లు దిగవు, గోడ లోపలే చీలి వసంతంలో కుళాయి తిప్పినప్పుడు బయటపడుతుంది. ఈ ఇంట్లో కూడా అది అలాగే తగిలించి ఉంది, గరాజ్ పక్క గోడకి. చీలలేదు గానీ దాని పైపు కూడా అదే సీలింగ్‌లో ఇంకో సందులోంచి వెళ్తోంది, ఆ సందు ఈ ఎండాకాలం తెరుస్తాం.